బడి గోడ దాటితే చాలు, బస్సు అక్కర్లేదు

చిన్న తరగతుల పిల్లలకు ఏడాదికొక దూరప్రయాణం కన్నా నెలకొకసారి ఊరి చెరువు దాకా నడకే మేలు

ప్రాథమిక పాఠశాలలో పరిసరాల విజ్ఞానం పుస్తకం తెరిస్తే ప్రతి పాఠంలోనూ ఏదో ఒక పని కనిపిస్తుంది. ఇంటి చుట్టుపక్కల ఉన్న చెట్ల పేర్లు రాయమంటుంది. చెరువు దగ్గర కనిపించే పక్షులతో పట్టిక నింపమంటుంది. రకరకాల ఆకులు తెచ్చి అంచులు పోల్చి చూడమంటుంది. చాలా బడుల్లో ఈ పట్టికలు నిండుతాయి కూడా. కాకపోతే నిండేది చెరువు దగ్గర కాదు, తరగతి గదిలో. టీచర్ బోర్డు మీద కొంగ, బాతు, నీటికాకి అని రాస్తారు. పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుంటారు. గైడులో జవాబులు సిద్ధంగా దొరికితే ఆ శ్రమ కూడా ఉండదు. చెరువు బడికి అర కిలోమీటరు దూరంలోనే ఉంటుంది. పక్షులు కూడా అక్కడే ఉంటాయి.

పర్యావరణ విద్యను బడుల్లో తప్పనిసరి చేయాలని ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. 2023లో వచ్చిన పాఠశాల విద్య జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడో తరగతి నుంచి ‘మన చుట్టూ ఉన్న ప్రపంచం’ అనే అర్థం వచ్చేలా ఈ సబ్జెక్టుకు కొత్త పేరు పెట్టింది. కోర్టు తీర్పు ఉంది, విధానం ఉంది, పుస్తకం ఉంది. పిల్లవాడు ఆ చుట్టూ ఉన్న ప్రపంచంలోకి అడుగుపెట్టే గంట మాత్రం టైంటేబుల్‌లో లేదు.

ఏడాదికొక్క యాత్ర

ఈ లోటును పూడ్చడానికి బడులు చేసేది సాధారణంగా ఏడాదికొక ఎక్స్‌కర్షన్. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం పెట్టే బడులు కొన్ని. జనవరి, ఫిబ్రవరిలో బస్సు మాట్లాడేవి కొన్ని. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి ఒక జూపార్కు, ఒక గుడి, ఒక డ్యామ్ చుట్టి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరతారు. పిల్లలకు ఆ రోజు పండగే. పండగ చేసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ దాన్ని చదువు కింద లెక్క రాసుకోవడం దగ్గరే పేచీ. పదిహేను గంటల్లో పది గంటలు బస్సులో గడిచాక, మిగిలిన ఐదు గంటలు వరసలో నిలబడటానికీ, తలలు లెక్కపెట్టుకోవడానికీ, ఫొటోలు దిగడానికీ సరిపోతాయి. పులి బోను ముందు ఒక్కో పిల్లవాడికి దొరికేది అర నిమిషం.

ఇంకో సంగతి అంతగా చర్చకు రాదు. బస్సు యాత్రకు డబ్బు కట్టలేని పిల్లలు ఆ రోజు ఇంటి దగ్గరే ఉండిపోతారు. మర్నాడు తరగతి అంతా యాత్ర కబుర్లు చెప్పుకుంటుంటే వాళ్లు వింటూ కూర్చుంటారు. ఆ యాత్ర మీద టీచర్ వ్యాసం రాయమంటే ఏం రాయాలో వాళ్లకు తెలియదు. విజ్ఞానం పేరుతో జరిగే ఒక కార్యక్రమం తరగతిని వెళ్లినవాళ్లు, వెళ్లనివాళ్లు అని రెండుగా చీల్చడం చిన్న విషయం కాదు.

చిన్న తరగతులకు కావలసిన క్షేత్ర పర్యటన వేరు. నెలకొకసారి ఒక పూట, నడిచి వెళ్లగల దూరంలో, ముందుగా అనుకున్న ఒక ప్రశ్నతో సాగే నడక అది. దానికి బస్సు అక్కర్లేదు, చందా అక్కర్లేదు, అందువల్ల ఎవరూ ఇంట్లో మిగిలిపోరు. దూరపు కొండలు నునుపు అంటారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనీ అంటారు. క్షేత్ర పర్యటనల విషయంలో బడులు ఈ రెండు సామెతలనూ అక్షరాలా పాటిస్తున్నాయి.

పరిశోధనలు ఏమంటున్నాయి?

క్షేత్ర పర్యటనలు గుర్తుండిపోతాయన్నది అందరికీ తెలిసినదే. అమెరికాలో జాన్ ఫాక్, లిన్ డియర్కింగ్ అనే పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో 128 మందిని చిన్నప్పటి బడి పర్యటనల గురించి అడిగారు. వారిలో నాలుగో తరగతి పిల్లలు ఉన్నారు, పెద్దవాళ్లూ ఉన్నారు. 96 శాతం మంది ఏదో ఒక పర్యటనను గుర్తు చేసుకోగలిగారు. అయితే గుర్తుండటం, నేర్చుకోవడం రెండూ ఒకటి కాదు. బస్సులో పాడిన పాట కూడా ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

నేర్చుకోవడం గురించి అంతకంటే పాత ఫలితం ఒకటి ఉంది. 1978లో ఫాక్, మరో ఇద్దరు పరిశోధకులు పిల్లలను ఒక ప్రకృతి కేంద్రానికి తీసుకెళ్లి పరీక్షించారు. అలాంటి పరిసరాలు బొత్తిగా కొత్తయిన పిల్లలు అనుకున్న పాఠాన్ని తక్కువగా నేర్చుకున్నారు. కొత్త చోట పిల్లవాడి దృష్టి ముందుగా ఆ చోటు మీదికే పోతుంది. ఎక్కడున్నాం, అటు ఏముంది, పక్కన ఎవరున్నారు అన్నవి తేలాకే ఆకు అంచు మీదికి చూపు వస్తుంది. ఇజ్రాయెల్‌కు చెందిన నిర్ ఓరియన్, అవీ హాఫ్‌స్టైన్ 1994లో భూగర్భశాస్త్ర పర్యటనలను పరిశీలించి ఇదే విషయాన్ని ఇంకాస్త విడమరిచారు. విద్యార్థికి మూడు రకాల కొత్తదనం ఎదురవుతుంది. చోటు కొత్త, పాఠంలోని విషయం కొత్త, ఆరుబయట చదువుకునే పద్ధతి కొత్త. వెళ్లే ముందే ఈ మూడింటినీ తగ్గించగలిగితే నేర్చుకునేది పెరుగుతుందని వారు తేల్చారు.

బస్సు యాత్రలో ఈ మూడూ గరిష్ఠ స్థాయిలో ఉంటాయి. ఊరి చెరువు దగ్గర మొదటిది దాదాపు సున్నా. మూడోసారి వెళ్లేసరికి మూడోదీ తగ్గిపోతుంది. పిల్లవాడి దృష్టి మొత్తం ఆనాటి ప్రశ్నకే మిగులుతుంది. దగ్గరి చోటును డబ్బులేక ఎంచుకున్న రెండోరకం ఏర్పాటుగా చూడనక్కర్లేదు. చిన్నపిల్లల విషయంలో మెరుగైన బోధనా పద్ధతి అదే.

ఆరుబయట గడిపే సమయం వృథా అనుకునే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన ఫలితం ఇంకొకటి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 ప్రాథమిక పాఠశాలల్లో ఒకటో తరగతి పిల్లలపై మూడేళ్లపాటు జరిగిన ప్రయోగం వివరాలు 2015లో వెలువడ్డాయి. సగం బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు పిల్లలను ఆరుబయట ఉంచారు. మూడేళ్లలో ఆ బడుల్లో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. మిగతా బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. తరగతి గదిలో వెలుతురు కొన్ని వందల లక్స్ ఉంటే, ఆరుబయట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. ఆ వెలుగుకు రెటీనాలో డోపమైన్ విడుదలై కనుగుడ్డు మితిమీరి సాగకుండా ఆపుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. నెలకొక నడకతో కళ్లజోళ్లు తగ్గిపోవు. ఆ ప్రయోగంలో పిల్లలు రోజూ బయటికి వెళ్లారు. కానీ నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడానికి కూడా పిల్లల ఒంటి మీద ఒక ఖర్చు పడుతుందని ఈ అంకెలు చెబుతున్నాయి.

చెరువు గట్టు మీద ఏముంది?

దగ్గరి చోట్లలో చూడటానికి ఏముంటుందన్న ప్రశ్న సహజం. తెలుగునాట చాలా ఊళ్లకు చెరువు ఉంది. గట్టు పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఎందుకుంటుంది? లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుందన్న సూత్రం పిల్లలకు హైస్కూల్లో వస్తుంది. దాని ఆకారం మాత్రం నాలుగో తరగతిలోనే కళ్ల ముందు ఉంటుంది. తూము మెట్టు మీద నీటిమట్టం దగ్గర టీచర్ సుద్దముక్కతో గీత గీసి తేదీ రాస్తే, నెల తర్వాత గీత ఎక్కడుందో, నీళ్లు ఎక్కడున్నాయో చూడవచ్చు. వర్షం, సాగు, ఆవిరి అన్నీ ఆ తేడాలోనే ఉంటాయి. అలుగు పారే రోజున అదే ఊరు వేరే పాఠం చెబుతుంది.

నీటి మీద కాళ్లు తడవకుండా పరిగెత్తే పురుగులు తలతన్యతకు ఉదాహరణ. మునిగి చేపను పట్టిన నీటికాకి ఒడ్డుకు వచ్చి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. కొంగ ఆ పని చేయదు, ఎందుకంటే అది మునగదు. ఎవరి ముక్కు ఎలా ఉంది, ఎవరు ఎంత లోతులో తింటున్నారు అని పిల్లలు పట్టిక వేస్తే అనుకూలనం అనే మాట వాడకుండానే ఆ భావన అర్థమవుతుంది. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పిల్లలకు ఊరి చెరువులోనే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కనిపిస్తాయి. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు వానాకాలంలో ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు పెడతాయి. వాటి రెండు ముక్కుల మధ్య ఒక సందు ఉంటుంది. నత్తలు తినే పక్షికి ఆ సందు ఎందుకో అక్కడి పిల్లలు బొమ్మ చూడకుండానే ఆలోచించగలరు.

చెరువు లేని చోట చెట్టు ఉంటుంది. ‘సీజన్‌వాచ్’ అనే పౌరవిజ్ఞాన కార్యక్రమంలో పిల్లలు ఒకే చెట్టును వారం వారం చూసి చిగురు, పువ్వు, కాయ ఉన్నాయో లేదో నమోదు చేస్తారు. ఇందులో కేరళ బడి పిల్లలు ముందున్నారు. విషు పండగకు పూసే రేల చెట్లు ఇప్పుడు ముందే పూస్తున్నాయా అన్న ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఇలాంటి రికార్డులే ఆధారం. ఐదో తరగతి పిల్లవాడు వేసిన టిక్కు నిజమైన శాస్త్ర సమాచారంలో భాగం కావడమన్నది ఏ జూపార్కు యాత్రలోనూ దొరకదు.

చెట్టు కూడా కరువైన నగరంలో రాయి ఉంటుంది. హైదరాబాద్ గ్రానైట్ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అవి ఉల్లిపొరల్లా ఎందుకు ఊడుతున్నాయో బడి పక్క బండ దగ్గరే చూపించవచ్చు. రాయి కూడా లేకపోతే ఎండ ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఏడాదికి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ క్షణంలో నీడ కనిపించదు. ఒకసారి అది వేసవి సెలవుల్లో వస్తుంది. రెండోసారి జూలై ఆఖరు నుంచి ఆగస్టు మధ్యలోపు, బడులు నడుస్తున్నప్పుడే వస్తుంది. హైదరాబాద్‌లో సుమారు ఆగస్టు 3న, తిరుపతిలో మరో రెండు వారాలకు. ఆవరణలో ఒక కర్ర, సుద్దముక్క ఉంటే చాలు. మబ్బు పట్టకూడదు, అంతే.

భయం అర్థం చేసుకోదగ్గదే

పిల్లలను బయటికి తీసుకెళ్లాలంటే టీచర్లు జంకడానికి కారణం ఉంది. 2024 జనవరిలో గుజరాత్‌లోని వడోదరలో హర్ణి సరస్సులో పడవ బోల్తా పడి, విహారానికి వచ్చిన 12 మంది బడి పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. 2014 జూన్‌లో హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలిన సంగతి నదిలో ఉన్న ఆ పిల్లలకు తెలియదు. ఇలాంటి వార్త చదివిన ఏ తల్లీ మర్నాడు అనుమతి పత్రం మీద సంతకం చేయడానికి ఇష్టపడదు. ఏ హెడ్మాస్టరూ ఆ బాధ్యత నెత్తిన వేసుకోవడానికి ముందుకు రారు.

అయితే ఈ రెండు ఘటనలనూ జాగ్రత్తగా చూస్తే ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది. అది తెలియని చోటులో ఉంది. నీళ్లలోకి దిగడంలో, ఎక్కువమందిని ఎక్కించిన పడవలో, స్థానికుల హెచ్చరిక అందకపోవడంలో ఉంది. దూరం పెరిగేకొద్దీ రోడ్డు ప్రమాదం భయం కూడా దానికి తోడవుతుంది. నడిచి వెళ్లే దూరంలో, ఊరందరికీ తెలిసిన చోట ఈ ముప్పుల్లో చాలావరకు ఉండవు. అలాగని ఊరి చెరువు పూర్తిగా సురక్షితం అనడమూ పొరపాటే. సెలవుల్లో చెరువుల్లో, క్వారీ గుంతల్లో మునిగి పిల్లలు చనిపోయిన వార్తలు ప్రతి వేసవిలో వస్తూనే ఉన్నాయి.

కాబట్టి నియమాలు కొన్నే ఉండాలి, కానీ కచ్చితంగా ఉండాలి. గట్టు మీద నుంచే చూడాలి, పిల్లలెవరూ నీళ్లలోకి దిగకూడదు. తూము మెట్టు మీద గీత గీసేది పెద్దవాళ్లే. గట్టు బాగా ఏటవాలుగా ఉన్నా, పూడిక తవ్విన గుంతలు ఉన్నా ఆ చెరువును వదిలి చెట్టునో, పొలాన్నో ఎంచుకోవాలి. టీచర్ ఒక రోజు ముందు ఆ దారిలో తానే నడిచి రావాలి. పదిమంది పిల్లలకు కనీసం ఒక పెద్ద మనిషి తోడుండాలి. వేసవిలో ఉదయం పదిలోపు తిరిగి వచ్చేయాలి. కాళ్లకు చెప్పులు, చేతిలో నీళ్ల సీసా, టీచర్ సంచిలో ప్రథమ చికిత్స పెట్టె, దగ్గరి ఆరోగ్య కేంద్రం ఫోన్ నంబరు ఉండాలి. నడవడం కష్టమైన పిల్లవాడు తరగతిలో ఉంటే అతను వెళ్లగల చోటునే తరగతి మొత్తానికీ ఎంచుకోవాలి. ఈ జాగ్రత్తలన్నీ పాటించిన టీచర్‌కు అనుకోనిది జరిగితే శాఖ అండగా నిలబడుతుందన్న హామీ రాతపూర్వకంగా ఉండాలి. ఆ హామీ లేనంతకాలం తలుపు మూసి ఉంచడమే టీచర్‌కు తెలివైన పని అనిపిస్తుంది.

సమయం ఎక్కడిది? మనుషులెక్కడ?

సిలబస్ పూర్తికాదన్నది తరచూ వినిపించే అభ్యంతరం. లెక్క వేసి చూడవచ్చు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు. నెలకొకసారి మూడు గంటల చొప్పున పది నడకలు అంటే 30 గంటలు. మొత్తంలో నాలుగు శాతం కన్నా తక్కువ. పైగా ఆ గంటల్లో జరిగేది సిలబస్‌లోని పనే. పుస్తకం చేయమన్న పట్టికలనే పిల్లలు అక్కడ నింపుతారు.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు సంచీ లేకుండా గడపమంది. అందులో చేతివృత్తుల పరిచయానిదే ప్రధాన స్థానం. మూడు, నాలుగు, ఐదు తరగతులకు, అంటే చుట్టూ ఉన్నవాటి పేర్లన్నీ అడిగి తెలుసుకునే వయసుకు, ఇలాంటి అంకె ఏదీ ఆ విధానంలో లేదు. తెలుగు రాష్ట్రాల్లో శనివారాల ‘నో బ్యాగ్ డే’ గురించి కొన్నేళ్లుగా మాట వినిపిస్తోంది. ఆ శనివారాల్లో ఒకదాన్ని నడకకు కేటాయించడానికి కొత్త బడ్జెట్ పద్దు అక్కర్లేదు.

మనుషుల కొరత మాత్రం నిజమైన అడ్డంకి. 2024-25 అధికారిక లెక్కల్లో దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయి. వాటి సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లోనే అత్యధికం. ఒక్క టీచర్ ఐదు తరగతులను వెంటేసుకుని గట్టు మీదికి వెళ్లమనడం న్యాయం కాదు. ఇక్కడ ఊరి సాయం కావాలి. విద్యాహక్కు చట్టం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంది, అందులో తల్లిదండ్రులే ఎక్కువమంది. వారిలో ఇద్దరు ముగ్గురు నెలకొక పూట తోడు వస్తే పని జరుగుతుంది.

వారు తోడుగా వచ్చి ఊరికే నిలబడరు. తూము ఎప్పుడు ఎంత ఎత్తాలో నీరటికాడికి తెలిసినంత ఇంజనీరుకూ తెలియకపోవచ్చు. ఏ చేప ఏ నెలలో గుడ్లు పెడుతుందో చేపలు పట్టేవారికి తెలుసు. ఏ ఆకు మేక తింటుందో, ఏది ముట్టదో గొర్రెల కాపరికి తెలుసు. ప్రభుత్వ బడుల్లో చాలామంది పిల్లలు ఇలాంటి ఇళ్ల నుంచే వస్తారు. బడిలో అడుగుపెట్టిన రోజు నుంచి ఆ పిల్లలు తమ ఇంటి జ్ఞానం లెక్కలోకి రాదనే నేర్చుకుంటారు. పరీక్షలో వెనకబడే ఆ పిల్లవాడు గట్టు మీద తండ్రి చెప్పిన చెట్టు పేరు టీచర్‌కే చెప్పగలిగితే, తరగతిలో అతని చోటు మారుతుంది. క్షేత్ర పర్యటనలకు చెప్పే ప్రయోజనాల్లో ఇది పెద్దగా చోటు చేసుకోదు. కానీ మొదటి తరం చదువరుల దేశంలో ఇదే పెద్ద ప్రయోజనం కావచ్చు.

ఇదంతా ప్రభుత్వ బడుల్లో సాధ్యమా అనే సందేహానికి దేశంలోనే జవాబు ఉంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 గ్రామీణ బడుల్లో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ప్రయోగాలతో, ఊరి చుట్టూ పర్యటనలతో సైన్సు నేర్పింది. తర్వాత వందలాది బడులకు విస్తరించింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపివేసేదాకా మూడు దశాబ్దాలు నడిచింది. టీచర్లకు శిక్షణ ఇచ్చారు. నెలనెలా వారు కలిసి కూర్చుని ఇబ్బందులు మాట్లాడుకునే ఏర్పాటు చేశారు. ఒక్క ఉత్తర్వు జారీ చేసి వదిలేసి ఉంటే అన్నేళ్లు నడిచేది కాదు.

ఏం చేయాలి?

చేయవలసినవి ఎక్కువ లేవు. మూడు నుంచి ఐదో తరగతి వరకు నెలకొక నడకను టైంటేబుల్‌లో పెట్టాలి. ప్రతి నడకకు ముందు రోజు ఒక పీరియడ్‌లో ప్రశ్న ఏమిటో పిల్లలతో మాట్లాడాలి. మర్నాడు ఒక పీరియడ్‌లో చూసినదాన్ని పంచుకోవాలి. ఒకే చోటికి కనీసం మూడు రుతువుల్లో వెళ్లాలి. ఒక మండలంలోని టీచర్లు తమ చోట్ల జాబితాను, ఆయా చోట్ల అడగదగ్గ ప్రశ్నలను కలిసి తయారు చేసుకోవాలి. తనిఖీకి వచ్చే అధికారి ఫొటోలు అడగడం మానేసి పిల్లల నోట్సు అడగాలి. నోట్సులన్నీ ఒకేలా ఉంటే అవి బోర్డు మీద నుంచి దిగినవని పట్టుకోవడం కష్టం కాదు. గట్టు మీద నుంచి వచ్చిన ముప్పై పట్టికల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు.

బస్సు యాత్ర మానేయమని ఎవరూ చెప్పనక్కర్లేదు. డబ్బు కట్టలేని పిల్లల ఖర్చు బడి భరించగలిగితే ఏడాదికోసారి జూపార్కుకు వెళ్లిరావచ్చు. ఊరి చెరువు దగ్గర ఆరు నెలలు పక్షుల ముక్కులు గమనించిన పిల్లలు జూలో కూడా ముక్కులే చూస్తారు.

జూన్‌లో బడులు తెరిచేనాటికి చాలా చెరువులు అడుగంటి ఉంటాయి. మొదటి నడకకు అదే మంచి సమయం. పగుళ్లిచ్చిన చెరువు అడుగును పిల్లలు గట్టు మీద నుంచి చూస్తారు. తూము కింది మెట్టు మీద టీచర్ సుద్దతో ఒక గీత గీసి తేదీ వేస్తారు. అక్టోబరులో వెళ్లినప్పుడు ఆ గీత నీళ్ల కింద ఎంత లోతున ఉందో తేల్చమని మూడో తరగతికి చెప్పాలి. కొలిచే పద్ధతి వాళ్లే వెతుక్కుంటారు.